కుందేలు చెప్పదు, చర్మం చెబుతుంది

పిల్లలూ! కుక్కకు దెబ్బ తగిలితే కుయ్యోమంటుంది. పిల్లికి ఆకలయితే కాళ్ళ చుట్టూ తిరిగి మ్యావుమంటుంది. ఆవుకు ఒంట్లో బాగుండకపోతే నెమరు వెయ్యటం మానేసి దీనంగా చూస్తుంది. మరి కుందేలుకు జబ్బు చేస్తే ఏమంటుంది? ఏమీ అనదు. ఒక మూలకు ఒదిగి, చెవులు వెనక్కు వాల్చి, కదలకుండా కూర్చుంటుంది. చూసేవాళ్ళు, "పాపం, కునుకు తీస్తున్నది కాబోలు" అనుకుంటారు.

ఇలా ఎందుకు చేస్తుందో తెలుసునా? అడవిలో నక్కా, గద్దా నీరసంగా ఉన్న జంతువునే ముందు పట్టుకుంటాయి. అందుచేత బాధను పైకి కనపడనివ్వకపోవటం కుందేలు జాతికి పుట్టుకతో వచ్చిన గుణం. ఇంట్లో పెరిగినా ఆ గుణం పోదు. అయితే అది దాచలేనిది ఒకటున్నది. అదే దాని చర్మం. చర్మాన్ని చదవటం నేర్చుకుంటే కుందేలు చెప్పని కబురు మనకు తెలిసిపోతుంది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఊళ్ళ పిల్లలకు కుందేళ్ళను పెంచటంలో ఒక సదుపాయం ఉన్నది. ఈ మూడు ఊళ్ళూ చిత్తూరు సీమకు పడమటి మెట్టమీద, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. కుందేలుకు మనలాగా చెమట పట్టదు. ఒంటి వేడిని చాలావరకు ఆ పెద్ద చెవులగుండానే బయటికి పంపుకుంటుంది. కనక కోస్తా ఎండలకన్నా ఈ మెట్ట చల్లదనం దానికి హాయి. కాని చలి వేస్తుందని గూటిని గోనెపట్టాలతో బిగించి, లోపల తడిసిన గడ్డిని అలాగే వదిలేస్తే, ఆ హాయి కాస్తా రోగానికి పుట్టిల్లవుతుంది.

ముందుగా ఒక సంగతి. మన గుట్టల్లో చెంగున దూకే అడవి కుందేలు వేరు, ఇంట్లో పెంచే కుందేలు వేరు. చెవులపిల్లి అని మీ తాతలు పిలిచేది మొదటిదాన్ని. దాన్ని పట్టటం, పెంచటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మనం పెంచేది ఐరోపానుంచి వచ్చిన జాతి. ఈ వ్యాసం దాన్ని గురించే.

"తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు" అనే సామెత మీరు విని ఉంటారు. కుందేలు చర్మం విషయంలో పెద్దవాళ్ళు తరచు ఇలాగే మొండిపట్టు పడతారు. ఒకచోట వెంట్రుకలు రాలితే చాలు, "ఇది గజ్జే!" అని తీర్మానించి, చేతికందిన నూనె పూసేస్తారు. వెంట్రుకలు రాలటానికి కారణాలు అరడజను ఉన్నాయి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఉపాయం. అందుకని ముందు చూడాలి, తరవాతనే మందు.

ఎలా చూడాలి? ఆదివారం పొద్దున అయిదు నిమిషాలు చాలు. కుందేలును చెవులు పట్టుకుని ఎన్నడూ ఎత్తకూడదు. ఒక చెయ్యి రొమ్ముకింద, ఇంకొక చెయ్యి పిరుదులకింద పెట్టి ఎత్తాలి. వెనక కాళ్ళకు ఆధారం లేకపోతే అది గట్టిగా తన్నుకుంటుంది. ఆ ఊపుకు దాని వెన్నెముకే విరగవచ్చు. నేలమీద గోనెపట్టా పరిచి, దానిమీద కూర్చోబెట్టి చూడటం అన్నిటికన్నా క్షేమం. ముక్కు, పెదవులు, కళ్ళ చుట్టూ, చెవుల లోపల, గడ్డంకింద, వీపు, తోక కింద, చివరకు నాలుగు పాదాలూ, ఈ వరుస తప్పకుండా చూడాలి. వెంట్రుకలను వ్యతిరేక దిశలో మెల్లగా ఊదితే కింద చర్మం కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న చర్మం లేత గులాబి రంగులో, పొట్టు లేకుండా, నున్నగా ఉంటుంది.

రోగం కానివి కూడా తెలిసి ఉండాలి. ఏడాదిలో కొన్నిసార్లు కుందేలు పాత బొచ్చు రాల్చి కొత్తది తొడుక్కుంటుంది. అప్పుడు కింద చర్మం శుభ్రంగానే ఉంటుంది, దురద ఉండదు. ఆడ కుందేలు ఈనటానికి ముందు తన పొట్టమీది బొచ్చును తానే పీకి, పిల్లలకు మెత్తని పరుపు తయారు చేస్తుంది. అది తల్లి ప్రేమ, జబ్బు కాదు. ఒక్కొక్కప్పుడు చూలు లేకపోయినా ఉన్నదని భ్రమపడి ఇలాగే పీక్కుంటుంది.

ఇక రోగాలు. చెవి లోపల గోధుమరంగు పక్కులు పొరలుపొరలుగా పేరుకుని, కుందేలు మాటిమాటికీ తల విదిలించుకుంటూ, కాలితో చెవి గోక్కుంటూ ఉంటే అది చెవి గజ్జి. దీనికి కారణం ఎనిమిది కాళ్ళ సూక్ష్మమైన పురుగు. సాలీడుకు దూరపు చుట్టమన్నమాట. పొడవు ఒక మిల్లీమీటరైనా ఉండదు. ఆ పక్కులను గోటితో గిల్లి తియ్యకూడదు. కింద పచ్చిపుండు ఉంటుంది, ప్రాణం పోయినంత నొప్పి. మందుతో పురుగు చస్తే పక్కులు వాటంతటవే రాలిపోతాయి.

ముక్కు కొనమీద, పెదవులమీద, కంటి రెప్పల చుట్టూ, కాలి వేళ్ళమీద తెల్లని బూడిదలాంటి పొక్కులు లేస్తే అది ఒంటి గజ్జి. ఈ పురుగు మరీ చిన్నది, పైగా చర్మంలో సొరంగం తవ్వుకుని కాపురం పెడుతుంది. దురద భరించలేక కుందేలు మేత మానేస్తుంది. పట్టించుకోకపోతే చచ్చిపోతుంది కూడాను.

వీపుమీద, మెడమీద చుండ్రులాగా పొట్టు రాలుతున్నదా? అయితే ఒక చిన్న పరీక్ష చెయ్యండి. నల్ల కాగితం ఒకటి కిందపెట్టి, దువ్వెనతో మెల్లగా దువ్వి పొట్టును దానిమీద రాల్చండి. భూతద్దంతో రెండు నిమిషాలు కదలకుండా చూడండి. పొట్టు దానంతటది నడుస్తున్నట్టు కనిపిస్తే, అది చుండ్రు కాదు, చుండ్రును మోస్తున్న పురుగులు! ఈ పురుగులు మనుషులనూ కుట్టి దురద పుట్టిస్తాయి. కనక పరీక్ష అయ్యాక కాగితం కాల్చేసి, సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

తలమీద, చెవులమీద, పాదాలమీద గుండ్రంగా బొచ్చు ఊడి, అంచులు ఎర్రగా పొక్కితే అది తామర. ఇది పురుగు కాదు, బూజు జాతి. చిన్న పిల్లలకు, అంటే కుందేలు పిల్లలకు, ఎక్కువగా వస్తుంది. వాటిని ఎత్తుకుని ఆడించే మనిషి పిల్లలకూ అంటుతుంది.

వెనక పాదాల మడమలు బోడిగా ఎర్రబారి, పుండు పడితే తప్పు కుందేలుది కాదు, గూటిది. కుక్క పాదానికి ఉన్నట్టు కుందేలు పాదానికి మెత్తలు ఉండవు, బొచ్చే దాని చెప్పు. ఇనప జల్లెడ నేలమీద రాత్రింబగళ్ళు కూర్చోబెడితే ఆ చెప్పు అరిగిపోతుంది. సగం నేలమీదనైనా చెక్క పలకో, దట్టంగా ఎండుగడ్డో పరచాలి. గోళ్ళు పొడుగు పెరగకుండా చూడాలి.

గడ్డం ఎప్పుడూ తడిగా ఉంటే నోరు చూపించండి. కుందేలు పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలి అరగదీసుకోకపోతే అవి వంకరపోయి, చొల్లు కారి, చర్మం పాచిపోతుంది. తోక కింద తడి, మలం అంటుకుని ఉంటే ఇంకా ప్రమాదం. ఈగలు అక్కడ గుడ్లు పెడతాయి. ఒక్క రోజు లోపలే పురుగులు పుట్టి మాంసం తినటం మొదలుపెడతాయి. ఇది కనిపిస్తే రేపు అనకూడదు, ఆ గంటలోనే ఆస్పత్రికి పోవాలి.

తల్లిదండ్రులకు ఇక్కడ నాలుగు మాటలు ప్రత్యేకంగా చెప్పాలి. కుక్కల పేలకు చల్లే మందుల్లో ఫిప్రోనిల్ అనేది ఉంటుంది. కుక్కకు మేలు చేసే ఆ మందు కుందేలు ప్రాణం తీస్తుంది. మనం వేసుకునే పెన్సిలిన్ జాతి మాత్రలు నోటిద్వారా ఇస్తే, దాని కడుపులో మేత అరిగించే సూక్ష్మజీవులు చచ్చి, అదీ చస్తుంది. గేదెలకు పూసినట్టు కానుగనూనె, వేపనూనె పట్టించకండి. కుందేలు ఒళ్ళంతా నాక్కుంటుంది, మింగినదాన్ని కక్కే శక్తి దానికి లేనేలేదు. నీళ్ళు పోసి స్నానం చేయించటమూ తగదు. ఆ దట్టమైన బొచ్చు తొందరగా ఆరదు, బెదురుకూ చలికీ ప్రాణంమీదికి వస్తుంది.

"మరి ఏం చెయ్యాలి, మాస్టారూ?" అంటారా? అట్టపెట్టెకు గాలి రంధ్రాలు చేసి, లోపల గడ్డి పరచి, కుందేలును ఊళ్ళోని పశువుల ఆస్పత్రికి తీసుకుపోండి. ఏ రోజు మొదలయింది, ఎక్కడ మొదలయింది, మేత ఎంత తింటున్నది, ఇంతకు ముందు ఏ మందు పూశారు, ఇవన్నీ ఒక కాగితంమీద రాసుకుని డాక్టరుగారికి చెప్పండి. ఆయన చర్మాన్ని కాస్త గీకి సూక్ష్మదర్శినికింద చూస్తే పురుగో, బూజో తేలిపోతుంది. ఇంకా పెద్ద పరీక్షలు కావలసివస్తే తిరుపతిలో 1955లో స్థాపించిన పశువైద్య కళాశాల ఉన్నది.

గజ్జికి పురుగే కారణమని మనిషికి ఎప్పుడు తెలిసింది? 1687లో ఇటలీ దేశంలో బొనోమో, చెస్తోని అనే ఇద్దరు గజ్జి పొక్కునుంచి పురుగును తీసి, సూక్ష్మదర్శినిలో చూసి, బొమ్మ గీసి లోకానికి చూపించారు. అంతవరకు అది చెడు రక్తంవల్ల వస్తుందని పండితులే అనుకునేవారు. వాళ్ళదీ మూడు కాళ్ళ కుందేలే! ఆ తరవాత మూడు వందల ఏళ్ళకు జపానులో సతోషి ఓమురా అనే శాస్త్రజ్ఞుడు మట్టిలో ఒక సూక్ష్మజీవిని కనిపెట్టాడు. దానినుంచి అమెరికాలో విలియం కాంబెల్, ఆయన తోటివారూ ఐవర్‌మెక్టిన్ అనే మందు తయారు చేశారు. ఇద్దరికీ 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. నేడు కుందేలు గజ్జికి పశువైద్యులు ఇచ్చే మందుల్లో ఇది ఒకటి.

అయితే మోతాదు కుందేలు బరువునుబట్టి డాక్టరుగారే లెక్కగట్టాలి. ఒక్క ఇంజెక్షనుతో దురద తగ్గిందని ఆగిపోకూడదు. మందు పురుగును చంపుతుంది కాని గుడ్లను చంపదు. గుడ్లు పొదిగి కొత్త పురుగులు వచ్చాక వాటిని చంపటానికి రెండు వారాలు అటూఇటూగా మళ్ళీ వెయ్యాలి. డాక్టరుగారు చెప్పిన తేదీని గోడమీది క్యాలెండరులో చుట్టి పెట్టుకోండి. ఇంట్లో రెండు కుందేళ్ళుంటే రెండోదానికీ చూపించాలి, జబ్బుదాన్ని వేరే గూట్లో ఉంచాలి.

మందు కుందేలుకు, శుభ్రం గూటికి. చెవి గజ్జి పురుగు కుందేలు ఒంటిమీద లేకపోయినా రెండు మూడు వారాలదాకా బతకగలదు. తామర బూజు నెలల తరబడి ఉంటుంది. మీ ప్రాంతంలో పట్టుపురుగులు పెంచేవాళ్ళను చూడండి. ఒక పంట కాగానే తట్టలు కడిగి, మందునీళ్ళు చల్లి, ఎండబెట్టిగాని కొత్త పురుగులను వెయ్యరు. రోగం వచ్చాక ఏడవటంకన్నా రాకముందు కడగటం మేలని వాళ్ళకు తెలుసు. మీరూ అలాగే పాత గడ్డిని కాల్చేసి, గూటిని బ్లీచింగు నీళ్ళతో కడిగి, బాగా ఎండలో ఆరబెట్టి, వాసన పోయాకనే కుందేలును లోపల పెట్టండి.

కుందేలును ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. మీ ఒంటిమీద గుండ్రని దురద మచ్చ లేస్తే దాచకుండా అమ్మకు చెప్పండి. డాక్టరుగారి దగ్గరకు పోయినప్పుడు ఇంట్లో కుందేలున్నదని చెప్పటం మరవకండి. అంగట్లో తామరకని అమ్మే లేపనాల్లో కొన్నిటిలో స్టెరాయిడు కలిసి ఉంటుంది. అది దురదను నాలుగు రోజులు అణిచి, తామరను ముదరబెడుతుంది. మచ్చ వచ్చిందని కుందేలును మాత్రం గుట్టలో వదిలెయ్యకండి. ఇంట్లో పెరిగిన కుందేలుకు అడవిలో మేత వెతుక్కోవటమూ తెలియదు, నక్కను తప్పించుకోవటమూ తెలియదు. జబ్బు నయమవుతుంది, అడవిలో వదిలిన ప్రాణం తిరిగి రాదు.

చివరిగా ఒక్క గుర్తు. కుందేలు రోజల్లా ఏదో ఒకటి కొరుకుతూ ఉండాలి. చర్మం ఎలా ఉన్నా సరే, పూటంతా మేత ముట్టకపోతే అది ప్రాణాపాయమని తెలుసుకోండి. ఆదివారం ఎప్పుడు వస్తుందా అని చూడకుండా, ఇవాళే బడినుంచి ఇంటికి పోగానే మీ కుందేలు చెవుల లోపల ఒకసారి చూడండి. అది ఎన్నాళ్ళనుంచో మీకు చెప్పలేక ఊరుకున్న కబురు అక్కడ ఉన్నదేమో!