డబ్బాలో గొల్లభామ.. ముట్టుకుంటే అంతే!

రెండేళ్ల క్రితం వానాకాలంలో మా ఫ్లాట్ బాల్కనీలో, కరివేపాకు మొక్క మీద కనిపించింది. వేలెడంత కూడా లేని ఆకుపచ్చ పురుగు. ముందు కాళ్లు దండం పెడుతున్నట్టు ముడుచుకుని, నేను ఎటు కదిలితే అటు తల తిప్పి చూస్తోంది. వీడియో కాల్‌లో అమ్మకి చూపిస్తే, "గొల్లభామ రా.. పాపం, వదిలెయ్" అంది.

వదల్లేదు. నెట్‌లో నాలుగు వీడియోలు చూసి, ఖాళీ స్వీట్ డబ్బాకి చిల్లులు పెట్టి అందులో వేసేశా.

కొన్నాళ్లకి తిండి మానేసింది. ఓ రాత్రి మూతకి తలకిందులుగా వేలాడుతూ, పాములా కుబుసం విడవడం మొదలుపెట్టింది. సగంలో జారి కింద పడింది. ప్రొడక్షన్‌లో బగ్ వస్తే అర్ధరాత్రయినా లేచి సరిచేయడం నా ఉద్యోగం. ఇక్కడా అదే చేశా. ఇయర్‌బడ్‌తో పాత చర్మాన్ని మెల్లగా లాగబోయా. మెత్తటి కాలు వంకర తిరిగిపోయింది. రెండో రోజుకి చనిపోయింది.

తప్పంతా నాదే. గొల్లభామ బరువంతా కాలి గోళ్ల మీద వేసి, కిందికి జారుతూ పాత చర్మంలోంచి బయటికొస్తుంది. నేను పెట్టిన మూతేమో నున్నగా ఉంది, పట్టు దొరకలేదు. డబ్బా ఎత్తు కనీసం పురుగు పొడవుకి మూడింతలుండాలి. పైన దోమతెర గుడ్డ కట్టాలి. తిండి మానేసిందంటే లోపల మిగిలిన ఈగల్ని తీసేయాలి. కొత్త చర్మం గట్టిపడేదాకా అస్సలు ముట్టుకోకూడదు.

మళ్లీ మొదలు

మరుసటి ఏడు మూడు పిల్లలు దొరికాయి. ఒకే చోట ఉంచితే ఒకదాన్నొకటి తినేస్తాయి కాబట్టి మూడు డబ్బాలు పెట్టా. కదిలే ఎరనే పట్టుకుంటాయి కనుక ఈగలు, చిమ్మటలు ప్రాణంతోనే వేయాలి. పురుగుల మందు కొట్టిన చోటి నుంచి తేకూడదు. స్ప్రే బాటిల్‌తో నీళ్లు చిలకరిస్తే చుక్కలు తాగుతాయి.

వీటి వేట గురి మామూలుగా ఉండదు. బ్రిటన్‌లోని న్యూక్యాజిల్ యూనివర్సిటీ పరిశోధకులు గొల్లభామలకి బుల్లి 3డి కళ్లద్దాలు అతికించి మరీ పరీక్షించారు. రెండు కళ్లతో ఎర దూరాన్ని కొలుస్తాయని 2016లో తేల్చారు.

పొట్ట అడుగున ఆరు కణుపులుంటే ఆడది, ఎనిమిదుంటే మగది. నా దగ్గర పెరిగినవాటిలో ఒకటే ఆడది. దానికి భామ అని పేరు పెట్టా. రెక్కలొచ్చాక రెండు వారాలు ఆగి, భామకి కడుపునిండా తినిపించి, మగదాన్ని వెనకవైపు నుంచి వదిలా. ఆడది ప్రతిసారీ మగదాన్ని తినేయదు. కానీ ఆకలితో ఉంటే ప్రమాదం ఎక్కువ. ఆ రాత్రంతా కాపలా కాశా. తెల్లారి మగది కర్టెన్ మీదికి ఎగిరింది, బతికిపోయింది!

కొన్నాళ్లకి భామ పుల్లకి నురగలాంటి గూడు పెట్టింది. అది ఎండి గట్టిపడింది. ఆ గుడ్లు పొదగకముందే భామ వెళ్లిపోయింది. పెద్దయ్యాక వీటి ఆయుష్షు కొన్ని నెలలే. తెలిసినా బాధేసింది.

ఓ ఉదయం గూటి నిండా దారాలకి వేలాడుతూ చీమలంత పిల్లలు. వందకి పైనే! ముగ్గిన అరటిపండు మీద ముసిరే చిట్టి ఈగలే వాటికి తిండి. అన్నింటికీ నేనెక్కడ తేగలను? పదింటిని ఉంచుకుని, మిగతావాటిని అపార్ట్‌మెంట్ చెట్ల మీద వదిలేశా. ఇక్కడి జాతే కాబట్టి వదిలా. ఆన్‌లైన్‌లో ఆశపడి విదేశీ జాతుల్ని తెప్పించుకోకండి. తప్పించుకుంటే మన చెట్ల మీద ఏం చేస్తాయో చెప్పలేం.

నిన్న రాత్రి ఆ పదింటిలో ఒకటి దోమతెరకి తలకిందులుగా వేలాడింది. మధ్యలో కదలిక ఆగిపోయింది. చెయ్యి డబ్బా దాకా వెళ్లింది. వెనక్కి తీసుకున్నా. అప్పుడే అమ్మ ఫోన్.

"ఇంత రాత్రి మేలుకుని ఏం చేస్తున్నావు రా?"

"ఏం చేయట్లేదమ్మా. ఊరికే చూస్తున్నా."

అరగంటకి అది మెల్లగా బయటికొచ్చింది. కాళ్లు లెక్కపెట్టా. ఆరూ తిన్నగానే ఉన్నాయి.