పునరావాస వైద్యం - ఆసుపత్రి గేటు దాటిన తరువాత

పరిశ్రమలో ప్రమాదం జరిగినప్పుడు మనం సాధారణంగా రెండు ప్రశ్నలు వేసుకుంటాము. ప్రాణాపాయం తప్పినదా? ఎన్ని పనిదినాలు నష్టమైనవి? ఈ రెండింటికీ సమాధానం దొరికిన పిదప నివేదిక బీరువాలో చేరుతుంది. గాయపడిన మనిషి తిరిగి ఏ విధంగా జీవించగలడన్న మూడవ ప్రశ్న ఒకటి ఉన్నదని మాకు తెలియజెప్పినది ఆసుపత్రిలోని ఒక విభాగం. ఆ అనుభవాన్ని పాఠక మిత్రులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కొన్నేళ్ల క్రితం మా నిర్వహణ విభాగంలో ఒక సీనియర్ టెక్నీషియన్ సుమారు 5 మీటర్ల ఎత్తు నుండి జారిపడ్డారు. వెన్నుపూస విరిగి వెన్నుపాము దెబ్బతిన్నది. శస్త్రచికిత్స సవ్యంగానే జరిగినది. అయినప్పటికీ నడుము కింది భాగానికి చలనం గాని, స్పర్శ గాని తిరిగి రాలేదు. పునరావాస శిక్షణ నిమిత్తం ఆయనను వేలూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి పంపారు. నెలన్నర తరువాత ఆయనను పలకరించడానికి మేము ముగ్గురం వెళ్లాము. మా సంచిలో పళ్లతో పాటు ఒక కాగితం కూడా ఉన్నది. అది వైద్య కారణాలపై ఉద్యోగ విరమణ కోరుతూ ఆయన చేత సంతకం చేయించవలసిన దరఖాస్తు. ఆయన మేలు కోరియే దానిని సిద్ధం చేశామని అప్పట్లో మేము మనస్ఫూర్తిగా నమ్మాము.

మన పెద్దలు రాయవేలూరు అని పిలిచే ఆ ఊరు చిత్తూరు ప్రాంతపు రోగులకు చిరపరిచితమే. అక్కడి భౌతిక వైద్య, పునరావాస విభాగం చరిత్ర మాత్రం ఎక్కువమందికి తెలియదు. ఆ విభాగానికి రూపమిచ్చిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో ఒక కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని, నడుము కింది భాగం చచ్చుబడి చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. డాక్టర్ పాల్ బ్రాండ్ ప్రోత్సాహంతో ఆమె కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల వంకర తిరిగిన చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. అనంతరం న్యూయార్కులో డాక్టర్ హోవర్డ్ రస్క్ నెలకొల్పిన సంస్థలో ఈ వైద్యశాఖను అభ్యసించి స్వదేశానికి తిరిగివచ్చారు. 1966లో వేలూరులో పునరావాస కేంద్రం ప్రారంభమైనది. 1972లో భారత ప్రభుత్వం ఆమెను పద్మశ్రీతో సత్కరించినది. తన కుర్చీలోనుండే ఇతరులకు దారి చూపిన ఆ వైద్యురాలు 1986లో పరమపదించారు.

ఈ వైద్యశాఖ పని ఏమిటి? తెగిన వెన్నుపామును అతికించే విద్య నేటికీ వైద్యుల చేతికి రాలేదు. పూర్వం ఇటువంటి రోగులలో అధికులు గాయంతో కాక, పడకపుండ్లతోను, మూత్రపిండాల వ్యాధులతోను మరణించేవారు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో డాక్టర్ లుడ్విగ్ గట్‌మన్ ఈ పరిస్థితిని మార్చడానికి పూనుకున్నారు. రోగిని రాత్రింబవళ్లు రెండేసి గంటలకు ఒకసారి పక్కకు తిప్పడం ఆయన విధించిన నియమాలలో ముఖ్యమైనది. దీని వెనుక ఉన్న సూత్రం ఇంజనీర్లకు కొత్తది కాదు. భారం ఒకేచోట ఎడతెగక నిలిచినప్పుడు పీడనం వల్ల అక్కడి చర్మానికి రక్తం అందదు. స్పర్శ లేనందున నొప్పి అనే హెచ్చరిక గంట మోగదు. కనుక గంట పని గడియారం చేయవలసి ఉంటుంది.

మేము వెళ్లేసరికి మా మిత్రుడు ఆ గడియారానికి అలవాటుపడి ఉన్నారు. మాట్లాడుతూనే నడుమనడుమ కుర్చీ చేతులపై రెండు అరచేతులు ఆనించి శరీరాన్ని పైకెత్తి, కొద్దిసేపు నిలిపి, మళ్లీ కూర్చుంటున్నారు. వేళకు కాథెటర్ స్వయంగా వేసుకోవడం, మంచం నుండి కుర్చీకి మారడం నేర్చుకున్నారు. కాలిపర్లు ధరించి సమాంతర కడ్డీల నడుమ నిలబడినప్పుడు చెమటతో ఆయన చొక్కా తడిసిపోయినది. అయినా మమ్మల్ని చూసి నవ్వారు. ఆయన కోలుకోవడానికి వచ్చారని మేము అనుకున్నాము. నిజానికి ఆయన అక్కడ పని చేస్తున్నారు.

ఆ సమయంలోనే ఆక్యుపేషనల్ థెరపిస్టు మా వద్దకు వచ్చి, మేము ఆయనతో కలిసి పనిచేసే ఇంజనీర్లమని తెలిసి సంతోషించారు. వెంటనే మూడు ప్రశ్నలు అడిగారు. ఆయన పనిచేసే గదికి ఎన్ని మెట్లు? మరుగుదొడ్డి తలుపు వెడల్పు ఎంత? పనిబల్ల ఎత్తు ఎంత? ఇరవై ఏళ్లకు పైగా ఆ భవనంలో తిరిగిన మేము ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. మా సంచిలోని కాగితాన్ని ఆనాడు బయటకు తీయలేదు.

పునరావాసంలో సగభాగం ఇంజనీరింగే. దీనికి మన హైదరాబాదే సాక్ష్యం. నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో పిల్లలు ఒక్కొక్కటి 3 కిలోలకు మించిన లోహపు కాలిపర్లను ఈడ్చుకుంటూ నడవడం చూసి, డాక్టర్ అబ్దుల్ కలాం తన క్షిపణి ప్రయోగశాలలోని తేలికపాటి మిశ్రమ పదార్థంతో సుమారు 300 గ్రాముల కాలిపర్లను తయారు చేయించారు. అంతటి పరిజ్ఞానం అందరికీ సాధ్యం కాకపోవచ్చు. కొలత టేపు మాత్రం మనందరి వద్ద ఉన్నది.

తిరిగి వచ్చి మేము కొలిచాము. వరండా ఎత్తు 450 మిల్లీమీటర్లు, మూడు మెట్లు. 1:12 వాలు ప్రకారం ర్యాంపుకు కావలసిన పొడవు 5.4 మీటర్లు. మరుగుదొడ్డి తలుపు 600 మిల్లీమీటర్లు, కుర్చీ వెడల్పు 650. ఒక మనిషి ఉద్యోగానికి, ఇంటికి నడుమ అడ్డుగా నిలిచినవి మూడు మెట్లు, 50 మిల్లీమీటర్లు! మేము ఆయన శరీరంలో వెదికిన లోపం మా భవనంలో కూడా ఉన్నది.

సేవలో ఉండగా వైకల్యం పొందిన ప్రభుత్వ సంస్థ ఉద్యోగిని తొలగించరాదని, హోదా తగ్గించరాదని 1995 నాటి చట్టంలోని 47వ సెక్షన్ చెప్పినది. దాని స్థానంలో వచ్చిన 2016 చట్టం 20వ సెక్షన్‌లో ఆ రక్షణను కొనసాగించినది. మేము మేలనుకొని రాసిన దరఖాస్తు ఆయన హక్కును ఆయన చేతనే వదిలింపజేసేది. దానిని చించివేసి కొత్త ప్రతిపాదన పంపాము. అనుమతులకు నాలుగు నెలలు పట్టినది. ర్యాంపు కట్టి, తలుపును 900 మిల్లీమీటర్లకు పెంచడానికి పట్టినది తొమ్మిది రోజులు. ఆ నాలుగు నెలలూ ఆయన ఇంటి గుమ్మం వద్ద కూర్చుని షిఫ్టు బస్సు వెళ్లడం చూశారని ఆయన శ్రీమతి మాకు తరువాత చెప్పారు. అందుకు మేము ఈనాటికీ చింతిస్తున్నాము.

నేడు ఆయన పరికరాల క్యాలిబ్రేషన్ బల్ల వద్ద పనిచేస్తున్నారు. ఆయన సరిచూసిన ప్రెషర్ గేజీలనే మేము యంత్రాలకు బిగిస్తున్నాము.

మన సంస్థలలో ఏటా మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం జరుపుకొని ప్రతిజ్ఞ చేస్తాము. ఈసారి ప్రతిజ్ఞ అనంతరం ప్రతి విభాగంలోను ఒకరు టేపు పట్టుకొని మెట్లు, తలుపులు, బల్లలు కొలిచి రాయవలసిందిగా మా మనవి. ఆ మూడు ప్రశ్నలను ఎవరో వచ్చి అడిగేదాకా వేచి ఉండనక్కరలేదు.