'నైస్' అను పదము పుట్టుపూర్వోత్తరములు

మొన్న మా పొరుగింటి బాలిక తాను వ్రాసిన యాంగ్లవ్యాసమును దిద్దించుకొనుటకై తెచ్చెను. అందు స్నేహితురాలు నైస్, తోట నైస్, ఉపాధ్యాయిని నైస్, తుదకు వానయు నైసే! "అమ్మాయీ, ఈ నాలుగింటను గల గుణ మొక్కటియేనా?" అని యడిగితిని. "బాగున్న దని చెప్పుటయే గదా, పిన్నిగారూ!" అని నవ్వెను. ఆ చిన్నమాట వెనుక నున్న పెద్దకథ నామెకు జెప్పితిని. సోదరీమణులకును వినిపింప దలచితిని.

లాటిను భాషయందు 'నె' యనగా కాదని, 'స్కీరె' యనగా నెరుగుట యని యర్థము. ఈ రెంటి కలయికచే 'నెస్కియుస్', అనగా 'ఎరుగని' యను పదము పుట్టినది. అది ప్రాచీన ఫ్రెంచిభాషలో రూపుమారి, సుమారు 1300 ప్రాంతమున ఇంగ్లీషులో ప్రవేశించినది. అప్పటి యర్థము 'తెలివిమాలిన' యని. 14వ శతాబ్దపు మహాకవి చాసరు దీని నీ యర్థముననే వాడియున్నాడు. ఆ దినములలో నెవరినైన నైస్ అన్నచో వారికి కోపము రాక మానదు.

తరువాత నీ పదమునకు బిడియ మను నర్థము వచ్చినది, అటుపిమ్మట నొకపట్టాన దేనికిని తృప్తిపడని స్వభావము, ఆపైని సుకుమారత, ఆపైని సూక్ష్మదృష్టి. 1755లో జాన్సను పండితుడు ప్రకటించిన నిఘంటువున దీనికి మొదట జెప్పిన యర్థము, అణుమాత్రపు భేదమునుగూడ విడువని వివేచన యనియే. ఏమియు నెరుగని వాని పేరు అన్నియు నిశితముగా నెరిగిన వానికి జెందుట వింతగాదా?

ఇంపైన, మంచి యను నేటి యర్థము 18వ శతాబ్దమున వ్యాపించినది. జేన్ ఆస్టెన్ మరణించిన 1817వ సంవత్సరము చివర వెలువడిన 'నార్తాంగర్ ఆబీ' నవలలో కాథరిన్ అను కన్య యొక గ్రంథమును నైస్ అని మెచ్చుకొనగా, హెన్రీ టిల్నీ యామెను పరిహసించును. వెనుక నొక ప్రత్యేకగుణమును జెప్పిన మాట యిప్పుడు సకలవస్తువులకు జెల్లు పొగడ్త యైన దని యతని యాక్షేపణ.

ఇట్టి మార్పులు మనకు గ్రొత్తగావు. సంస్కృతమున 'మూఢ', 'ముగ్ధ' యను రెండు పదములును 'ముహ్' అను నొక్క ధాతువునుండియే పుట్టినవి. మూఢ పదము నిందగనే నిలిచెను. ముగ్ధ యందమునకు బేరై, ఆలంకారికుల నాయికలలో నొకతె యయ్యెను. దీనికి విపరీతమైన గతియు గలదు. ఛాందసు డనగా వేద మధ్యయనము చేసినవాడు. నేడు లోకజ్ఞానము లేని వానిని ఛాందసు డందురు. ఇంగ్లీషున 'సిల్లీ' యను మాటకు బూర్వార్థము ధన్యుడు, సుఖి యని. నేటి యర్థము తెలివితక్కువవా డని.

ఇచ్చట సోదరీమణు లొక్కక్షణ మాలోచింప వలెను. నైస్, ముగ్ధ యను రెండు పదములందును ఎరుగమియే యందముగ మారినది. స్త్రీకి దెలియకపోవుటయే శోభ యను భావము లోకమున నెంత పాతుకొని యుండనిచో నిట్లు జరుగును? పెండ్లిచూపులకు వచ్చినవారు "పిల్ల చాల నైస్" అన్నపుడు, ఎదురుచెప్పదు, ఏమియు నడుగ దను నర్థమే తరచుగ నందు దాగియుండును. బిడ్డలకు మన మిచ్చు మెప్పులోను ఈ యర్థము చొరబడకుండ జూచుకొనుట మనపని.

మరియొక విశేషము: 'సైన్సు' అను పదమునకును మూలము ఆ 'స్కీరె'యే. ఒక్క తల్లికి బుట్టిన యక్కచెల్లెండ్రలో నొకతె యెరుక, మరియొకతె యెరుగమి. మన కుమార్తె లెవ్వరి చేయి పట్టుకొని నడువవలయునో వేరుగ జెప్పనక్కరలేదు.

నైస్ పదమును బొత్తిగ విడువు డని నే ననను. తెలుగువారి వంటయింట "పిండి నైసుగా విసరు" మన్నపుడు సన్నదన మను చక్కని యర్థము స్పష్టముగ నున్నది. ఆంగ్లేయులును సూక్ష్మభేదమును జెప్పునపు డీ మాటనే నేటికిని వాడుదురు. ఏమియు దోచనపుడు తోచిన మాటగా దానిని వాడుటయే తగదు. బాగున్న దని యూరకుండక, ఏది యెందుకు బాగున్నదో చెప్పుట నేర్చినచో, చూచుటయు నేర్చినట్లే.

మరునాడు బాలిక వ్యాసమును దిరుగ వ్రాసి తెచ్చెను. స్నేహితురాలు మాట తప్పనిది, తోట చల్లనిది, ఉపాధ్యాయిని పదిమార్లడిగినను విసుగుకొననిది, వాన నారుమళ్లకు సమయమున వచ్చినది. ఆ బాలిక వ్రాసిన వాన యప్పుడు నా కంటికి గనబడినది.