సగంలో ఆగిన సూది

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో పాత ఇనుప పెట్టె ఉన్న ఇల్లయితే, దాని అడుగున ఓ మూట కూడా ఉండే ఉంటుంది. సగం దాకా కుట్టి వదిలేసిన బొంత, చేతులు తగిలించని జాకెట్, ఒక్క చెయ్యి మాత్రమే అల్లిన పసిపిల్ల స్వెట్టరు. ఆ పిల్ల ఇప్పుడు పదో తరగతి! మూట బయటపడ్డప్పుడల్లా 'మొదలువెట్టుడే గని పూర్తి చేసుడు లేదు' అని ఇంట్లో ఎవరో ఒకరు అననే అంటారు. ఆ మాట శుద్ధ అన్యాయం.

వానలు పడితే పత్తి గింజలు పెట్టాలి. ఆ వెంటే నాట్లు, కలుపులు. దసరా నాటికి పత్తి ఏరుడు, అది ఒడవకముందే మిరప తోటల పిలుపు. ఇక సూది పట్టేదెప్పుడు? చేలల్లో పని లేని ఎండాకాలం మధ్యాహ్నాలే దిక్కు. మన దగ్గర కుట్లు అల్లికలు ఆగిపోయేది బద్ధకంతో కాదు, కూలి పిలుపుతో.

ఈ సంగతి తెలిసిన పనితనం లంబాడాలది. మహబూబాబాద్ తండాల్లో పెద్దవాళ్లు కట్టే ఫేటియా (లంగా), కాంచళి (రవిక), టుక్రి (తల మీది ముసుగు) ఒకేసారి కూర్చుని కుట్టేవి కావు. ముక్కలు ముక్కలుగా కుట్టి తర్వాత జోడిస్తారు. అద్దం బిళ్లను గుడ్డ మీద పెట్టి ముందు దారాన్ని నిలువునా, అడ్డంగా జాలీలా వేస్తారు. బిళ్ల ఆ దారాల కింద ఇరుక్కుంటుంది. ఆపైన సూదిని ఆ దారం కిందుగా తీసి, అంచున గుడ్డలో గుచ్చి, చుట్టూ తిప్పుకొస్తారు. ఒక్కో కుట్టుకూ దారం అద్దం మీదికి బిగుస్తుంది. ఒక బిళ్ల అయ్యాక ఆపినా నష్టం లేదు, నెల తర్వాత పక్క బిళ్ల దగ్గర మొదలుపెట్టొచ్చు. తల్లి మొదలుపెట్టింది బిడ్డ పెళ్లి నాటికి బిడ్డే పూర్తి చేసుకుంటే ఎవరూ తప్పు పట్టరు. పొరుగున కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుకు 2010లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన తండాల్లో ఆడపిల్లలు చీరలకు, డ్రెస్సులకు మారారు. పెట్టెలో మిగిలిన ఫేటియా ముక్కలు ఎదురుచూస్తున్నాయి.

ఒకరు వదిలింది ఇంకొకరు పూర్తి చేయడమనేది అమెరికాలో ఓ ఉద్యమమే అయింది. 2022లో ఇద్దరు స్నేహితురాళ్లు 'లూజ్ ఎండ్స్' మొదలుపెట్టారు. చనిపోయినవాళ్లు, చెయ్యి ఆడనివాళ్లు సగంలో వదిలిన అల్లికల్ని స్వచ్ఛందంగా పూర్తి చేసి ఇంటివాళ్లకు తిరిగిస్తారు. మన వాడకట్టులో అత్త వదిలిన బొంతను కోడలు కుట్టేస్తే దానికి పేరూ లేదు, ఫొటో కూడా లేదు.

కొన్ని చేతి పనులకు మాత్రం తిరిగి రావడం అంత తేలిక కాదు. తెలంగాణ సాయుధ పోరాట అమరుడు దొడ్డి కొమురయ్య పుట్టిన కడవెండి జనగామ జిల్లాలోనే ఉంది. ఆయన కులస్థులైన కురుమల చేతి పని గొంగడి. ఆడవాళ్లు ఉన్ని వడికితే, పడుగుకు చింతగింజల గంజి పట్టించి మగవాళ్లు నేసేవారు. దానికి దక్కనీ నల్లగొర్రె ఉన్ని కావాలి. 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చారు సరే, మాంసం కోసం పెంచే నెల్లూరు జాతికి ఒంటి మీద ఉండేది వెంట్రుకే తప్ప ఉన్ని కాదు. ముడిసరుకే లేకపోతే మగ్గం దగ్గరికి ఎవరొస్తారు?

కుట్టు మిషన్‌కు ఆ బెంగ లేదు. భూపాలపల్లి బొగ్గుబావుల ప్రాంతంలో సింగరేణి సేవా సమితి దగ్గర టైలరింగ్ నేర్చుకున్నవాళ్లున్నారు. బడి పిల్లల యూనిఫాంలు మహిళా సంఘాలతో కుట్టించడంతో చాలా ఇళ్లలో మూలనపడ్డ మిషన్లకు దుమ్ము దులిపారు. 2024లో జతకు కుట్టుకూలి 50 నుంచి 75 రూపాయలకు పెరిగింది. ఊరి పిల్లల నిక్కర్లు బడి తెరిచేలోపు పూర్తవుతాయి, సొంత బిడ్డ గౌను మాత్రం అట్లనే ఉంటుంది. డబ్బులొచ్చే కుట్టు ముందుకు జరిగితే, ఇష్టంగా మొదలుపెట్టిన కుట్టు వెనక్కి జరుగుతుంది.

సరే, మూట విప్పారు. ముందు ఎండలో వేయండి. ఊలుకు పురుగు పట్టిందేమో వెలుతురుకు పట్టి చూడండి. అప్పటి చేతి బిగువు ఇప్పుడుండదు కాబట్టి పాత వరస మీదే అల్లుకుపోతే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. నాలుగు వరసలు విప్పి మొదలుపెట్టడం మేలు. స్వెట్టరు అక్కర్లేదనుకుంటే మొత్తం విప్పేయండి, తప్పేం లేదు. ముడతలు పడ్డ ఊలును చిలపగా చుట్టి తడిపి ఆరేస్తే సాపవుతుంది. జాకెట్ అయితే పాత కొలత నమ్మకుండా మళ్లీ కొలవండి. లోపల అంగుళం బట్ట వదిలి ఉంటే బతికిపోయినట్టే. మిషన్‌కు నూనె వేశాక పాత గుడ్డ మీద రెండు వరసలు కుట్టండి, లేకపోతే మొదటి మరక మంచి బట్ట మీదే పడుతుంది.

మళ్లీ ఆపాల్సి వస్తే, ఎవరి కోసం, ఏ కొలత, ఏ నంబరు సూది అన్నది చీటీ రాసి దారంతో బట్టకే కుట్టేయండి. గుండుసూది మాత్రం పెట్టొద్దు, వానాకాలం చెమ్మకు తుప్పు మరక పడుతుంది.