పడుకోబెడితే పగులుతుంది!

కొనేటప్పుడు నెల రోజులు ఆలోచిస్తాం. నాలుగు దుకాణాలు తిరుగుతాం. అదే టీవీని ఇల్లు మారేటప్పుడు మాత్రం ఓ దుప్పటి చుట్టి బండెక్కించేస్తాం. పెద్ద తెర టీవీకి అసలు గండం అక్కడే ఉంది!

పాలు పొంగాయి. దేవుడి పటాలకు మేకులు కొట్టడం అయింది. అమ్మ వంటింట్లో డబ్బాలు సర్దుకుంటోంది. 'ముందు టీవీ సంగతి చూడండ్రా, వార్తలు చూసి రెండు రోజులైంది' అన్నారు నాన్న. దుప్పట్లు విప్పాం. తెర అద్దంలా మెరిసిపోతోంది. ఎక్కడా చిన్న గీత కూడా లేదు. 'చూశారా, ఎంత జాగ్రత్తగా తెచ్చామో!' అని నాన్న మురిసిపోయారు.

ప్లగ్గు పెట్టి రిమోటు నొక్కాం. మాటలు వినిపించాయి. బొమ్మ మాత్రం... కుడివైపు మూలన సిరాబుడ్డి ఒలికినట్టు నల్లటి మచ్చ. దాని నుంచి తెరంతా పాకిన రంగురంగుల చారలు. ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దం.

నాన్న పదవీ విరమణ చేసినప్పుడు వచ్చిన డబ్బుతో ముచ్చటపడి కొన్న 55 అంగుళాల టీవీ అది. హైదరాబాద్ నుంచి విజయవాడకు సుమారు 275 కిలోమీటర్లు తెచ్చాం. దారిలో ఎవరూ కింద పడేయలేదు. దేనికీ కొట్టుకోలేదు. మరెలా పగిలింది? మర్నాడు వచ్చిన మెకానిక్ ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. 'పడుకోబెట్టి తెచ్చారా సార్?'

అవును. మెత్తగా ఉంటుందని పరుపు మీద పడుకోబెట్టించాం. ఎండ తగలకుండా పైన బొంతలు కప్పాం. ఆ బొంతల మీద ఎవరో బట్టల మూటలు పెట్టారు. మేం చేసిన జాగ్రత్తే దాని కొంప ముంచింది!

పాత డబ్బా వేరు... కొత్త తెర వేరు

నిజానికి ఈ పొరపాటు మనకు పాత టీవీల నుంచి వచ్చిన అలవాటు. వెనకటి పిక్చర్ ట్యూబ్ టీవీలు గుర్తున్నాయిగా? 29 అంగుళాల టీవీని కదిలించాలంటే ఇద్దరు బలమైన మనుషులు కావాల్సిందే. ట్యూబు లోపల గాలి ఉండదు. బయటి గాలి ఒత్తిడికి తట్టుకోవాలి కాబట్టి దాని ముందు గాజును చాలా మందంగా చేసేవారు. అందుకే బరువెక్కువ, గట్టిదనమూ ఎక్కువే. ఎడ్లబండి మీద తెచ్చినా ఏమీ అయ్యేది కాదు.

ఇప్పటి టీవీ అలా కాదు. ఎల్‌ఈడీ అన్నా, క్యూఎల్‌ఈడీ అన్నా లోపల ఉండేది ఎల్‌సీడీ తెరే. రెండు పల్చటి గాజు పలకలు, వాటి మధ్య ద్రవ స్ఫటికాల పొర. ఒక్కో పలక మందం మిల్లీమీటరు కూడా ఉండదు. వెనక కాంతిని పరిచే పల్చటి షీట్లు, వాటి వెనక దీపాలు. ఓఎల్‌ఈడీ టీవీల్లో వెనక దీపాలు కూడా ఉండవు కాబట్టి అవి ఇంకా పల్చన. ఇంత పెద్ద గాజుకు ఆధారం చుట్టూ ఉండే చట్రమే. మధ్యలో దానికి ఏ దన్నూ లేదు.

నిలబెట్టినప్పుడు బరువంతా కింది అంచు మీదుగా దిగిపోతుంది. పడుకోబెడితే మధ్యభాగం కొద్దిగా కిందికి జారుతుంది. బండి గతుకులో పడ్డ ప్రతిసారీ ఆ గాజు వంగి లేస్తుంటుంది. పరుపు మీదయితే మరో ఇబ్బంది. ఒకవైపు ఎక్కువగా, మరోవైపు తక్కువగా దిగబడి చట్రం మెలి తిరుగుతుంది. పైన ఏ మూటో ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

అద్దాల దుకాణం బండిని ఎప్పుడైనా గమనించారా? ఎంత పెద్ద అద్దాన్నయినా నిలబెట్టే తీసుకెళ్తారు. పడుకోబెట్టి తీసుకెళ్లడం ఎక్కడా కనిపించదు. టీవీకీ అదే సూత్రం.

మరో మాట. పగులు బయటికి కనపడాలనేం లేదు. పైపొర చెక్కుచెదరకుండానే లోపలి గాజు చిట్లిపోవచ్చు. ఆపి ఉన్న టీవీ నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. అసలు సంగతి స్విచ్ వేస్తేనే బయటపడుతుంది. అలా పగిలిన తెరకు అతుకు వేయడం కుదరదు, మార్చాల్సిందే. చాలాసార్లు ఆ ఖర్చు కొత్త టీవీ ధరలో సగం దాటిపోతుంది. పైగా ఇలా దెబ్బ తగిలి పగిలినవాటికి వారంటీ వర్తించదు.

ఆ అట్టపెట్టె విలువ తెలుసా?

కొత్త టీవీ వచ్చిన వారానికే మా అమ్మ దాని పెట్టెను పాత సామాన్లతనికి ఇరవై రూపాయలకు అమ్మేసింది. 'ఇల్లంతా అదే ఆక్రమించింది' అని. చాలా ఇళ్లలో జరిగేదిదే. నిజానికి ఆ పెట్టె, లోపలి థర్మోకోల్ దిమ్మలు ఆ టీవీ కోసమే కొలిచి చేసినవి. తెరకు ఏదీ తగలకుండా, బరువు అంచుల మీదే పడేలా వాటిని తయారుచేస్తారు. అద్దె ఇంట్లో ఉండేవాళ్లు, బదిలీల ఉద్యోగులు దాన్ని పారేయకూడదు. అడ్డంగా ఉందనుకుంటే విప్పి, మడిచి అటక మీద పెట్టండి. థర్మోకోల్ దిమ్మలను మాత్రం విరగ్గొట్టకుండా ఓ సంచిలో కట్టి దాచండి.

పెట్టె మీద ఉండే బొమ్మలను గమనించండి. పైకి చూసే రెండు బాణాలుంటే 'ఇటువైపే పైకి ఉండాలి' అని. కాడ ఉన్న గాజు గ్లాసు బొమ్మ ఉంటే 'పగిలేది, జాగ్రత్త' అని. గొడుగు ఉంటే 'తడవనివ్వొద్దు' అని. భాష రానివాళ్లకు కూడా అర్థం కావాలనే వాటిని బొమ్మల్లో వేస్తారు.

పెట్టె లేదా? ముందుగా తెరకు మెత్తటి, పొడి నూలు బట్టో, ఫోమ్ షీటో కప్పండి. దానిపై బబుల్ ర్యాప్ రెండు చుట్లు చుట్టండి. తెరకు రెండువైపులా టీవీ కంటే కాస్త పెద్దవైన దళసరి అట్టలు పెట్టి, నాలుగు మూలలకూ థర్మోకోల్ ముక్కలు దన్నుగా ఉంచండి. టేపు అట్టల మీదే అంటించాలి. తెరకు తగలనివ్వకూడదు. తాడు కూడా తెర మధ్యలో బిగించొద్దు.

ప్లగ్గు తీసేముందు

టీవీని ఆపగానే వెంటనే విప్పకండి. వేడి తగ్గనివ్వండి. అంతకంటే ముందు మూడు ఫొటోలు తీసుకోండి. ఒకటి, టీవీ నడుస్తుండగా తెరంతా కనిపించేలా. రెండోది, వెనక ఏ వైరు ఎక్కడుందో తెలిసేలా. మూడోది, వెనకాల ఉండే మోడల్, సీరియల్ నంబర్ల చీటీది. మొదటి ఫొటో 'బయల్దేరేటప్పుడు బాగానే ఉంది' అనడానికి సాక్ష్యం. రెండోది కొత్త ఇంట్లో వైర్లు కలుపుకోవడానికి. మూడోది ఫిర్యాదు చేయాల్సి వస్తే పనికొస్తుంది.

స్టాండు, వైర్లు అన్నీ తీసేయండి. గోడకు బిగించే స్క్రూలను, రిమోటునూ ఒక చిన్న సంచిలో వేసి పైన 'టీవీ' అని రాయండి. ఆ సంచి మీ చేతిలోనే ఉండాలి. టీవీ పెట్టెలో విడిగా పడేస్తే దారిలో ఆ స్క్రూలే తెరను గీరేస్తాయి.

ఒక్కరే మోయగలరు కానీ...

55 అంగుళాల టీవీ బరువు సుమారు 15 కిలోలు. 'ఓస్, ఇంతేనా' అని ఒక్కరే ఎత్తేస్తుంటారు. చిక్కు బరువుతో కాదు, వెడల్పుతో. 55 అంగుళాలంటే మూల నుంచి మూలకు కొలత. తెర వెడల్పే 122 సెంటీమీటర్లు, అంటే నాలుగడుగులు. 65 అంగుళాలదైతే 144 సెంటీమీటర్లు. చేతులు బార్లా చాపి ఒక్కరే పట్టుకుంటే బొటనవేళ్లు తెర మీద నొక్కుకుంటాయి. ఆ ఒత్తిడి చాలు.

అందుకే చెరోవైపు ఒకరు ఉండాలి. ఒక చేయి కింది అంచు కింద, మరో చేయి పక్క అంచుకు. తెర మీద వేళ్లు పడకూడదు. విడిగా మోసేటప్పుడు తెర మీ ఒంటికి తగలకుండా బయటివైపు తిప్పి పట్టుకోండి. బెల్టు బకిల్, చొక్కా గుండీ, మెడలో గొలుసు... ఏది తగిలినా గీత పడుతుంది. మెట్లు దిగేటప్పుడు మూడో మనిషి ముందు నడుస్తూ 'ఇంకో రెండు మెట్లు' అని చెబుతుంటే మంచిది. లిఫ్టులో పడుతుందో లేదో ముందే టేపుతో కొలుచుకోండి. తీరా తెచ్చాక తిప్పలు పడుతూ అటూఇటూ వంచేటప్పుడే దెబ్బలు తగులుతాయి.

బండిలో దాని చోటు ఏది?

'ఊళ్లోనేగా, కారు వెనక సీటులో పెట్టేద్దాం' అనుకుంటాం. 43 అంగుళాల టీవీ తెర వెడల్పు 95 సెంటీమీటర్లే కాబట్టి సీటు మీద నిలబెట్టి, బెల్టు వేసి, ఒకరు పక్కన కూర్చుని పట్టుకుంటే కొన్ని కార్లలో పడుతుంది. 55 దాటితే పెట్టెతో కలిపి నిలువుగా పట్టడం కష్టం. పడుకోబెట్టాలనే ఆలోచన అక్కడే మొదలవుతుంది. అలాంటప్పుడు చిన్న ట్రాలీ మాట్లాడుకోవడమే నయం. ఇక బైకు మీద వెనకాల ఒకరు పట్టుకుని తేవడమంటారా... గాలికి అంత వెడల్పు అట్ట తెరచాపలా లాగుతుంది. టీవీ మాట అటుంచి మనుషులకే ప్రమాదం.

టాటా ఏస్ లాంటి బండి అయితే సామానంతా ఎక్కించేముందే టీవీకి చోటు చూసుకోండి. డ్రైవర్ క్యాబిన్ వెనక గోడకు ఆనించి, అడ్డంగా నిలబెట్టడం మంచి పద్ధతి. పెట్టె పొడవు ఎక్కువై పట్టకపోతే బండి పక్క గోడకు ఆనించి పొడవునా నిలబెట్టొచ్చు. కింద మడిచిన బొంత వేయండి. తెర వైపు పరుపును నిలబెట్టి దన్నుగా పెట్టండి. చూశారా, పరుపు పనికొస్తుంది... కాకపోతే కిందకి కాదు, పక్కకి! కుర్చీ కాళ్లు, గ్యాస్ స్టవ్వు మూలలు, బీరువా పిడి తెర వైపు ఉండకూడదు. పైన ఏమీ పెట్టకూడదు. వానాకాలమైతే టార్పాలిన్ తప్పనిసరి.

బయల్దేరేముందు డ్రైవర్‌తో ఒక్క మాట చెప్పండి. 'అన్నా, టీవీ ఉంది. స్పీడ్ బ్రేకర్ల దగ్గర కాస్త నెమ్మది.' ఆ మాటకు ఖర్చేమీ లేదు.

సంతకం పెట్టేముందు

ప్యాకర్స్ అండ్ మూవర్స్‌కు అప్పగిస్తుంటే సామాన్ల జాబితాలో 'టీవీ ఒకటి' అని రాసి ఊరుకుంటారు. కంపెనీ, సైజు, మోడల్, విలువ, 'పనిచేస్తోంది' అన్న మాటా రాయించండి. విలువ చూపించి అదనపు రుసుము కట్టకపోతే రవాణాదారు బాధ్యతకు చట్టం ప్రకారం పరిమితి ఉంటుంది. బీమా ఉందంటే, బయటికి కనిపించని లోపలి పగులుకు కూడా వర్తిస్తుందా అని అడిగి కాగితం మీద రాయించుకోండి.

సామాను దిగాక వాళ్లు తొందరపెడతారు. 'సంతకం పెట్టేయండి సార్, వేరే లోడు ఉంది' అంటారు. మేమూ అలాగే పెట్టేశాం. మర్నాడు ఫోన్ చేస్తే 'అన్నీ సరిగ్గా అందాయని మీరే రాసిచ్చారుగా' అన్నారు. ఏం చెబుతాం? అందుకే మిగతావి తర్వాత, టీవీ ముందు. పెట్టె విప్పుతుండగానే ఫోన్లో వీడియో తీయండి. ప్లగ్గు పెట్టి చూడండి. తెరంతా తెల్లగా ఉండే బొమ్మ ఒకటి పెడితే చిన్న మచ్చలు కూడా తెలుస్తాయి. తేడా ఉంటే రసీదు మీదే రాసి సంతకం పెట్టండి.

రసీదు ఇచ్చి సరుకు చేరవేసే రవాణాదారుపై దావా వేయాలంటే, 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. సేవాలోపంపై జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువుంది.

ఇంటికొచ్చాక ఇంకో గండం

క్షేమంగా చేరింది. గోడకు బిగించే మనిషి రేపు వస్తానన్నాడు. అప్పటిదాకా ఏం చేస్తాం? నేల మీద పెట్టి గోడకు ఆనిస్తాం. ఇల్లంతా పిల్లలు పరుగులు పెడుతుంటారు. పల్చటి టీవీ ముందుకు ఒరగడానికి ఎంతోసేపు పట్టదు. తెర పగలడం ఒక్కటే అయితే డబ్బుతో పోతుంది. పసివాడి మీద పడితే? బిగించే దాకా దాన్ని పెట్టెలోనే ఉంచి, పిల్లలు వెళ్లని గదిలో నిలబెట్టండి. స్టాండు మీద పెట్టేవాళ్లు వెనక నుంచి పట్టీతో గోడకు కట్టేస్తే నిశ్చింత.

మా ఇంటికి ఆ తర్వాత మరో టీవీ వచ్చింది. ఈసారి కాస్త చిన్నది, వాయిదాల మీద. మెకానిక్ దాన్ని బిగించి వెళ్తూ 'పెట్టె పడేయమంటారా?' అని అడిగాడు. నాన్న కంటే ముందు అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. 'ముట్టుకోకు బాబూ, అది అటక మీదకి!'

ఇప్పుడు మా అటక మీద పండగ గిన్నెల పక్కన ఆ పెట్టెదే పెద్ద చోటు. ఇల్లు మారే రోజు ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చినా, ఈసారి టీవీ నిలబడే ప్రయాణం చేస్తుంది.