తాడు తెగితే..?

సంక్రాంతికి కాకినాడ వెళ్ళినప్పుడు, గారెలకి పప్పు రుబ్బుతూ మా పిన్ని ఉన్నట్టుండి అడిగింది. "ఏమే అమ్మాయ్, నువ్వు ఓడల్ని కట్టే తాళ్ళ లెక్కలేవో చేస్తావటగా? మావాడుండే ఓడ తాళ్ళు తెగవు కదా?"

పిన్ని కొడుకు సముద్రంలో చమురు తీసే ఓడ మీద పనిచేస్తాడు. పధ్నాలుగు రోజులు నీళ్ళ మీద, పధ్నాలుగు రోజులు ఇంట్లో. వాడు అక్కడున్నప్పుడు టీవీలో వాయుగుండం అన్న మాట వినబడితే చాలు, పిన్నికి ముద్ద దిగదు. 1996 నవంబరు తుఫానుని కళ్ళారా చూసిన మనిషి మరి!

ఆ ఓడ లెక్కలు చేసింది నేను కాదు. కానీ అలాంటి లెక్కలే పన్నెండేళ్ళుగా నా ఉద్యోగం. అందుకే పిన్నికి చెప్పింది మీకూ చెబుతాను.

దండెం చెప్పే పాఠం

బాంబే హైలో సముద్రం లోతు తక్కువ. ఇనుప కాళ్ళు నేలలోకి దింపి ప్లాట్‌ఫారాలు కట్టారు. మన కృష్ణా-గోదావరి బేసిన్‌లో కిలోమీటరు దాటి లోతున్న చోట్లున్నాయి. అక్కడ కాళ్ళు అందవు. తేలే ఓడనో ప్లాట్‌ఫారాన్నో తెచ్చి, చుట్టూ తాళ్ళతో నేలకి కట్టాల్సిందే. 2008లో ఈ బేసిన్‌లో లోతు నీళ్ళనుంచి చమురు మొదట బయటికొచ్చింది అలాంటి ఓడ మీదికే.

తాడంటే కొబ్బరితాడు కాదు. చాలాచోట్ల పైనా కిందా లావుపాటి గొలుసు, మధ్యలో ఉక్కు తాడు. లేదంటే పాలిస్టరు తాడు. అవును, మన చీరల్లో ఉండే పాలిస్టరే!

దండెం బిగించి కట్టి తడి దుప్పటి ఆరేసి చూడండి, మేకు ఊడి వస్తుంది. కాస్త వదులుగా కడితే కిందికి సాగి బరువు మోస్తుంది. గొలుసులూ అంతే. ఓడని అల నెట్టినప్పుడు నేలమీద పడుకున్న గొలుసు కొంచెం కొంచెంగా పైకి లేస్తుంది. ఆ లేచిన బరువే ఓడని మళ్ళీ వెనక్కి లాగుతుంది.

కంప్యూటర్లో తుఫాను

ఓడ కట్టకముందే దాన్ని కంప్యూటర్లో తుఫానుకి వదులుతాం. ఒక్కో తాడుని వందల చిన్న ముక్కలుగా విడగొడతాం. ప్రతి ముక్క బరువెంత, నీళ్ళు దాన్ని ఎంత నెడుతున్నాయి, పక్క ముక్క ఎంత లాగుతోంది అన్నది సెకనులో చిన్న భాగానికోసారి లెక్క కడుతుంది కంప్యూటరు. అలా మూడు గంటల తుఫాను. మళ్ళీ వేరే అలలతో, వేరే దిక్కునుంచి గాలితో ఇంకో మూడు గంటలు. నూరేళ్ళకోసారి వచ్చేంత పెద్ద తుఫానుని కూడా రప్పిస్తాం.

ఉయ్యాలని దాని ఊపుకి తగ్గట్టు తోస్తే చిన్న పిల్ల తోసినా ఎంతో ఎత్తుకి పోతుంది కదా? ఓడకీ అలాంటి సొంత ఊపుంటుంది. తాళ్ళతో కట్టిన ఓడ ముందుకీ వెనక్కీ ఒకసారి ఊగడానికి రెండు మూడు నిమిషాలు పట్టొచ్చు. గుంపులు గుంపులుగా వచ్చే అలలు ఆ ఊపు అందుకుంటే, చిన్న తోపుకే ఓడ చాలాదూరం జరుగుతుంది. మేం ముఖ్యంగా చూసేది దాన్నే.

బావిలో బిందె

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ తప్పు చేశాను. గొలుసు బరువు నీళ్ళలో ఎంతో ఇవ్వాల్సిన చోట గాలిలో బరువు ఇచ్చాను. బావిలో మునిగిన బిందె తేలిగ్గా ఉంటుంది, నీళ్ళు దాటి పైకొచ్చాక చేతులు లాగేస్తుంది. మనందరికీ తెలిసిందే కదా? నూరు కిలోల ఉక్కు సముద్రపు నీటిలో దాదాపు 87 కిలోలే తూగుతుంది. కంప్యూటరు చిన్న అభ్యంతరం కూడా చెప్పలేదు! చక్కటి రంగుల గ్రాఫులు గీసి ఇచ్చింది. మా సీనియర్ మేడమ్ కాగితం, పెన్ను తీసుకుని నాలుగు లైన్ల లెక్కచేసి, "ఇదెలా వచ్చిందమ్మా?" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆనాటినుంచి చేత్తో లెక్క చేసి చూడకుండా ఏ ఫలితాన్నీ నమ్మను.

అడగని ప్రశ్న

అనుభవం ఉన్నవాళ్ళకీ తెలియనివి ఉంటాయి. ఆఫ్రికాలో అంగోలా తీరానికి దూరంగా గిరాసోల్ చమురు క్షేత్రంలో ఓడలకి చమురు ఎక్కించే పెద్ద బోయా ఉంది. 2002లో, వేసి ఏడాది తిరక్కుండానే దాని గొలుసులు తెగాయి. లాగుడు తట్టుకునే బలం వాటికి ఉంది. కానీ బిగుతుగా ఉన్న పై లింకులు ఒకదానిమీద ఒకటి తేలిగ్గా కదలక, బోయా ఊగినప్పుడల్లా పక్కకి వంగాయి. తీగని అటూ ఇటూ వంచితే తెగినట్టు తెగాయి. ఆ వంపు అప్పటి లెక్కల్లో లేదు. అడగని ప్రశ్నకి కంప్యూటరు జవాబు చెప్పదు. ఇప్పుడు ఆ ప్రశ్న అడిగి తీరతాం.

ఎంత అడిగినా ఏదో ఒకటి మిగిలే ఉంటుంది. అందుకే ఒక తాడు తెగిపోయిందనుకుని కూడా లెక్క చేస్తాం. ఎక్కువగా పాటించే అమెరికన్ ప్రమాణం ప్రకారం అన్నీ బాగున్నప్పుడు తాడు బలం, దానిమీద పడే గరిష్ఠ లాగుడుకి కనీసం 1.67 రెట్లుండాలి. ఒకటి తెగాక మిగతావాటికి 1.25 రెట్లుండాలి.

ఎం.పి.సి. చదువుతున్న అమ్మాయి మీ ఇంట్లో ఉంటే ఓ మాట. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో నావల్ ఆర్కిటెక్చర్, చెన్నై ఐ.ఐ.టి.లో ఓషన్ ఇంజనీరింగ్ ఉన్నాయి. సముద్రం మగపిల్లలదని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

అంతా విని పిన్ని, "అయితే తెగదని మాత్రం చెప్పవన్నమాట" అంది.

"చెప్పను పిన్నీ. ఒకటి తెగినా మిగతావి పట్టుకుంటాయా లేదా అని ముందే చూసి కడతారని మాత్రం చెబుతాను."

పిన్ని కాసేపు మాట్లాడలేదు. గారెల పిండి నా చేతికిచ్చి, "ఇంకోసారి చూసుకో, ఉప్పు సరిపోయిందో లేదో" అంది.