'సత్యవేదము': ప్రామాణ్య విచారము

తెలుగు క్రైస్తవులు బైబిలును 'సత్యవేదము' అని వ్యవహరింతురు. ఉక్కు కర్మాగారమును ఆశ్రయించి భిలాయిలో స్థిరపడిన తెలుగు క్రైస్తవుల నోటను ఈ మాట వినవచ్చును. వేదశబ్దమును గ్రహించియు వారు హిందూ శ్రుతిస్మృతులను గాక ఈ గ్రంథమునే ఏల నమ్ముదురు?

మీమాంసకుల మతమున వేదము అపౌరుషేయము. కర్త లేడు గనుక కర్తృదోషమును లేదు. నైయాయికులకు ఆప్తవాక్యము ప్రమాణము. క్రైస్తవుని విశ్వాసము ఈ రెండవదానికి సన్నిహితము. అతనికి బైబిలు దేవుని వాక్కు. పొంతి పిలాతు కాలమున సిలువ నొందిన యేసు మరల లేచెనని ప్రత్యక్షద్రష్టలు పలికిన సాక్ష్యము. కాలబద్ధమగుట మీమాంసకునకు దోషము, క్రైస్తవునకు ఆధారము.

గ్రంథలభ్యత వేరొక హేతువు. వేదాధ్యయనము ఉపనయనార్హులకు పరిమితమై యుండగా, 1812లో శ్రీరామపురమున అచ్చయిన తెలుగు సువార్తలు కులభేదము లేక చదువరుల కందెను. కాని లభ్యత యొక్కటియే హేతువు గాదు. ఆ సువార్తల అనువాదమున డెస్ గ్రాంజెస్‌కు తోడ్పడిన ఆనందరాయరును, 1833లో బాప్తిస్మము పొందిన కీర్తనకారుడు పురుషోత్తమ చౌధరియు బ్రాహ్మణులే. వేదాధికారము గల కులమున పుట్టినవారే.

ఇంతవరకు చెప్పినది నమ్మకమునకు హేతువే గాని సత్యనిరూపణము గాదు. భిలాయి వంటి కర్మాగార నగరమున ఇరుగుపొరుగున నుండు హిందువును క్రైస్తవుడును 'ప్రమాణ' మను నొక్క మాటనే రెండర్థముల వాడుదురు. ఆ భేద మెరుగని వాదము వైరముగా పరిణమించును. ఎరిగినచో, అంగీకారము కుదరకున్నను, ఒకరి మాట ఒకరికి అర్థమగును.